నా నల్ల సంచి సంగతి

పర్లాకిమిడి.

చంటికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, మా ఇంటికొచ్చేటప్పుడు ఆ ఏనుగు తొండం కూడా తెస్తావా?" అని మొన్న బుజ్జి ఫోనులో అడిగింది. వెనకనుంచి మీ అమ్మ కసిరింది. కసరక్కర్లేదు, నా నల్ల సంచిలో ఉండే సీప్యాప్ మెషిన్ గొట్టం అది, రాత్రి ముక్కుకు మాస్క్‌తో తగిలించుకుంటాను, అచ్చం తొండంలాగే ఉంటుంది. తెస్తాను. మీ గదిలోనే పెట్టుకుని పడుకుంటాను కాబట్టి ముందే అంతా చెప్పేస్తే నాకూ మొహమాటం ఉండదు.

నిద్రలో ఒళ్లు సడలినట్టే గొంతు కండరాలూ సడలుతాయి. కొందరికి అవి మరీ వాలిపోయి గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లో, ఇంకా ఎక్కువో ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గుర్రుమని గాలి పీల్చి మళ్లీ పడుకుంటాం. తెల్లారాక ఏమీ గుర్తుండదు. ఇలా గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అంటారు. విశాఖలో పరీక్ష చేస్తే నాకు 42 వచ్చింది. "మీరు గురక పెడితే నిద్ర పట్టదు, గురక ఆగితే భయమేస్తుంది" అని మీ మామ్మ ఏళ్ల తరబడి మొత్తుకుంది. నేనే వినలేదు.

ఈ సీప్యాప్ మెషిన్ ఆక్సిజన్ ఇవ్వదు. గదిలో గాలినే కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది. దాంతో గొంతు మూసుకుపోకుండా ఉంటుంది. ఒత్తిడి ఎంతంటే, లోతైన గ్లాసులో నీళ్లు పోసి స్ట్రా 10 సెంటీమీటర్లు ముంచి ఊదండి. బుడగ రావడానికి ఎంత బలం కావాలో అంతే. నాకు డాక్టరు పెట్టిన అంకె కూడా 10. ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సలివన్ 1981లో ఈ పద్ధతి ప్రకటించాడు. అంతకుముందు జబ్బు ముదిరినవాళ్లకు గొంతుకు కన్నం పెట్టేవారు. తొండమే నయం కదా!

ఇంట్లో బాగానే ఉంటుంది, తంటా అంతా ఊరెళ్లినప్పుడే. ఒకసారి గుణుపురం మీదుగా రాయగడకు పెళ్లికి వెళ్లాం. మెషిన్ పక్కన చిన్న నీళ్ల తొట్టి ఉంటుంది, గాలికి తడి ఇవ్వడానికి. అందులో నీళ్లు పారబోయకుండానే సంచిలో అడ్డంగా పడేశాను. బస్సు కుదుపులకు నీళ్లు మోటారులోకి పోయాయి. మెషిన్ పలకలేదు. ఆ పెళ్లి వీడియోలో ముహూర్తం వేళ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషి ఎవరని చంటి అడిగాడు చూడండి, అది నేనే.

అప్పటినుంచి తొట్టి ఖాళీ చేసి తుడిచాకే సంచి జిప్పు వేస్తాను. రైల్లో అయితే అసలు నీళ్లే పోయను. ఒక్క రాత్రికి ముక్కు కాస్త ఎండితే కొంప మునగదు. పైగా నీళ్లు వేడిచేయడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. అది ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది.

బ్యాటరీ ఎందుకంటారా? కొన్ని రైళ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు. మనిషి పడుకునేదే అప్పుడు! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రాత్రులు తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పక్కకి తిరిగి పడుకున్నాను. వెల్లకిలా పడుకుంటే దారి ఇంకా మూసుకుంటుంది. బ్యాటరీ కొన్నది ఆ తరవాతే.

కింద బెర్తు దొరికిందా, పండగే. మెషిన్ తలకంటే దిగువన ఉండాలి, లేకపోతే గొట్టంలో చేరిన తడి ముక్కులోకి వస్తుంది. పోయినసారి ఎదుటి బెర్తులో ఒడియా ఆవిడ "మౌసా, ఆక్సిజనా?" అని కంగారుపడింది. విడమరిచి చెప్పాను. తెల్లారి దిగేముందు తన భర్త గురక గురించి అరగంట అడిగింది! పూర్వం నేను తోటివాళ్లంతా పడుకునేదాకా ఆగి మాస్క్ పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు లైటు ఉండగానే పెట్టుకుంటున్నాను.

వచ్చే శుక్రవారం పలాసలో రైలెక్కుతాం. నా మంచం దగ్గర ప్లగ్గు పాయింటు పనిచేస్తుందో లేదో చంటి చూసి పెట్టాలి. బుజ్జి మాస్క్ పెట్టుకుని చూస్తానంటే కుదరదు, అది ఒక్కరి ముఖానిదే. పాత గొట్టం ఒకటుంది, కడిగి తెస్తాను. తొండం ఆట దాంతో ఆడుకోండి.

నల్ల సంచిలో చోటుంది కదా అని మీ మామ్మ బరంపురం అప్పడాలు సర్దబోయింది. నేను ఒప్పుకోలేదు. వాటికి వేరే సంచి పెట్టింది.

మీ తాతయ్య