పూలావిడ తులిప్‌లు ఎందుకు అమ్మలేదు

చి. బుజ్జికి, చిట్టికి,

తాతయ్య, నాయనమ్మల ఆశీస్సులు.

మొన్న ఆదివారం పొద్దున, అంటే మీకు శనివారం రాత్రి, చిట్టి ఫోన్‌లో ఒక మంచి ప్రశ్న అడిగింది. నేను గొంతు సవరించుకున్నానో లేదో, మీ అమ్మ పడుకోమని కేకేసింది. నేను జవాబు చెప్పబోతుంటే మీ ఇంట్లో అందరికీ నిద్ర ముంచుకొస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికైతే మధ్యలో ఎవరూ అడ్డు రాలేరు.

చిట్టి అడిగింది ఇది. సియాటిల్ పైక్ ప్లేస్ మార్కెట్‌లో పూలబల్ల దగ్గర ఎటు చూసినా డాలియాలే. తులిప్‌లు లేవా అని అడిగితే ఆవిడ నవ్వి ఏప్రిల్‌లో రమ్మంది. నాలుగు అడుగులు వేస్తే పండ్ల కొట్టులో మామిడి, అరటి, అనాస అన్నీ ఉన్నాయి. మామిడిచెట్టు సియాటిల్‌లో కాయదు కదా. ఆయన ఎక్కడి నుంచో తెప్పించుకుంటున్నప్పుడు ఆవిడ మాత్రం తులిప్‌లు తెప్పించుకోకూడదా? ఇదీ ప్రశ్న. వెనక నుంచి బుజ్జి ఇంకోటి అందించాడు. పోయినసారి చెక్క గరిటెలు అమ్మినాయన ఈసారి అక్కడ లేడట, ఇంకెక్కడో చివర కనిపించాడట.

చిట్టి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆవిడకు ఆ వీల్లేదు. ఆ మార్కెట్‌లో రెండు రకాల వాళ్లున్నారు. పండ్ల కొట్టాయనది శాశ్వతమైన కొట్టు. హోల్‌సేల్‌లో కొనుక్కొచ్చి ఏడాది పొడుగునా అమ్ముతాడు. పూలావిడది ఏ రోజుకారోజు అద్దెకు తీసుకునే బల్ల. ఆ బల్ల మీద తాను పండించిందే పెట్టాలి. చేతిపనుల వాళ్లూ అంతే, తాము చేసిందే అమ్మాలి. మార్కెట్‌లో ఒక బోర్డు ఉంటుంది చూడండి, పండించినవాళ్లను కలుసుకోండి అని దాని అర్థం. ఊరికే అందానికి పెట్టిన బోర్డు కాదది. దాని వెనక ఒక ఉల్లిపాయల గొడవ ఉంది.

1906కూ 1907కూ మధ్య సియాటిల్‌లో ఉల్లిపాయల ధర పది రెట్లయింది. కొనేవాళ్లు గగ్గోలు పెట్టారు. సరే, ధర పెరిగితే రైతులైనా బాగుపడాలి కదా? వాళ్లూ బాగుపడలేదు. ఊరి చుట్టుపక్కల పండిన కూరగాయలు వెస్టర్న్ అవెన్యూలో కమీషన్ వ్యాపారుల దగ్గరికి వెళ్లేవి. రైతు సరుకు అక్కడ దించి పోవాలి. అది అమ్ముడుపోయాక వ్యాపారి తన వంతు పట్టుకుని మిగిలింది ఇస్తాడు. ఒక్కోసారి లాభం, ఒక్కోసారి పెట్టిన ఖర్చు, ఒక్కోసారి ఏమీ లేదు.

ఇది మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మీ పిన్ని పెళ్లిలో పంక్తి భోజనం గుర్తుందా? వంట పెరట్లో, మనం పందిట్లో. పాయసం గిన్నె వంటాయన చేతిలోంచి బయలుదేరింది. దారిలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతోంది. పట్టుకున్న ప్రతివాడూ, పాపం మోసినందుకు, ఒక గరిటెడు నోట్లో వేసుకున్నాడనుకోండి. పంక్తి చివర కూర్చున్న మీ విస్తట్లో ఏం పడుతుంది? రెండు చుక్కలు. మీరేమో వంటాయన పిసినారి అనుకుంటారు. వంటాయనేమో ఇంత పాయసం చేస్తే ఒక్కడూ బాగుందని అనలేదే అనుకుంటాడు. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు.

చిట్టి ఊరుకోదని నాకు తెలుసు. పాయసం తగ్గింది, ఉల్లిపాయ ధర పెరిగింది, రెండూ ఒకటెలా అవుతాయి అంటుంది. అవుతాయమ్మా. నీ చేతిలో ఉన్న డబ్బులకు వచ్చే ఉల్లిపాయలు తగ్గాయి కదా, అదే విస్తట్లో రెండు చుక్కలు. అలాగని గిన్నె మోసేవాళ్లందరూ దొంగలని అనుకోకూడదు. పంక్తిలో రెండు వందల మంది ఉంటే వంటాయన ఒక్కడే వడ్డించగలడా? పొయ్యి ఎవరు చూస్తారు? మోసేవాళ్లు కావాలి. గరిటెకు ఒక లెక్క ఉండాలి. అంతే. ఆ లెక్క అడిగే దారి రైతుకు లేదు, కొనేవాళ్లకూ లేదు.

అలా సరుకు చేతులు మారడం నేనూ చిన్నప్పుడు దగ్గరుండి చూశాను. మా నాన్న వంకాయలు పండించేవాడు. రాత్రి రెండింటికి బండి కట్టి పట్నం మార్కెట్‌కు బయలుదేరేవాడు. నేను గోనెల మీద పడుకుని నక్షత్రాలు చూస్తూ వెళ్లేవాణ్ని. వీపు కింద వంకాయల ముళ్లు గుచ్చుకునేవి. తెల్లవారి కాటా దగ్గర పద్దు రాసేవారు. బరువులో ఇంత తరుగు, కమీషన్ ఇంత, హమాలీ ఇంత. చివరికి మా నాన్న చేతిలో ఒక చిన్న చీటీ. దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, నాకు పావలా బఠానీలు కొనిపెట్టేవాడు. ఆ వంకాయలు ఎవరి ఇంట్లో గుత్తివంకాయ అయ్యాయో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

పశువుల సంత ఇంకో తమాషా. అక్కడ బేరం నోటితో జరగదు. ఇద్దరు మనుషులు ఒక తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్లు నొక్కుకుంటారు. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇన్ని వందలు. చుట్టూ ఊళ్లకు ఊళ్లు నిలబడ్డా ధర ఎంతో ఆ ఇద్దరికే తెలుస్తుంది. తువ్వాలు కింద ఏం జరుగుతోందో చూద్దామని నేను వంగితే మా నాన్న చెవి మెలేశాడు. ఇప్పటికీ ఆ వేళ్ల లెక్క నాకు పూర్తిగా రాదు. సరే, ఎక్కడికో వచ్చేశాను. మళ్లీ సియాటిల్ వెళ్దాం.

అక్కడి నగర కౌన్సిల్‌లో థామస్ రెవెల్ అనే ఆయన ఒక మాట అన్నాడు. గిన్నె మోసేవాళ్లతో గొడవెందుకు, తినేవాళ్లనే పొయ్యి దగ్గరికి తీసుకొద్దాం అని (పాయసం సంగతి నాది, ఆలోచన ఆయనది). ఫలానా వీధిలో రైతులు బండ్లు ఆపుకుని నేరుగా అమ్ముకోవచ్చని నగరం ఒప్పుకుంది. 1907 ఆగస్టు 17, శనివారం. ఆ రోజు వచ్చిన బండ్లు ఎనిమిదో పదో. వచ్చిన జనం వేలల్లో. మధ్యాహ్నం కాకముందే బండ్లన్నీ ఖాళీ. ఆ ఏడాది పూర్తయ్యేలోపు కప్పు వేసిన మొదటి భవనం కూడా లేచింది. మీరు శనివారం ఐస్‌క్రీమ్ తింటూ నడిచిన చోట ఇదంతా జరిగింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ మీరు పెద్దవుతున్నారు, ఇంకొకటి కూడా తెలియాలి. 1941 నాటికి ఆ మార్కెట్‌లో బల్లలు వేసుకున్న రైతుల్లో సగానికి పైగా జపాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వాళ్లే. ఆ ఏడాది చివర అమెరికాకూ జపాన్‌కూ యుద్ధం మొదలైంది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని కింద వీళ్లందరినీ ఇళ్లలోంచి, పొలాల్లోంచి తీసుకుపోయారు. అమెరికాలోనే పుట్టిన పిల్లల్ని కూడా. వాళ్లలో చాలామందిని ముందు ప్యుయాలప్‌లో తిరునాళ్లు జరిగే మైదానంలో పెట్టారు. అవును, మీరు సెప్టెంబరులో రంగులరాట్నం ఎక్కే చోటే. తర్వాత ఐడహో రాష్ట్రంలో మినిడోకా అనే చోట ముళ్లకంచె వెనకకు పంపారు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. మార్కెట్‌లో వాళ్ల బల్లలు ఖాళీ అయ్యాయి. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి మళ్లీ బల్ల వేసుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. ఈసారి వెళ్లినప్పుడు పెద్ద ఆర్కేడ్, అంటే కప్పు కింద బల్లలుండే పొడుగాటి నడవ, దాని ప్రవేశం దగ్గర తలెత్తి చూడండి. ఐదు పలకల మీద వాళ్ల కథ బొమ్మలుగా ఉంది. గీసినావిడ పేరు అకి సొగాబే. అందరూ చేపలు విసిరే కొట్టు వైపు చూస్తూ దాని కింద నుంచే వెళ్లిపోతారు. మీరు మాత్రం అయిదు నిమిషాలు నిలబడండి.

తర్వాత 1960ల్లో ఆ పాత కట్టడాలు కూలగొట్టి పెద్ద పెద్ద భవనాలు, కార్ల పార్కింగ్ కట్టాలని ప్లాన్ వేశారు. విక్టర్ స్టైన్‌బ్రూక్ అనే ఆర్కిటెక్ట్, ఆయనతోపాటు చాలామంది, ఊరంతా తిరిగి సంతకాలు పోగుచేశారు. 1971 నవంబర్ 2న ఓటింగ్ జరిగింది. మార్కెట్ ఉండాలని జనం చెప్పారు. పక్కనే సముద్రం కనిపించే పార్కుకు ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు పూలబల్లలకు వద్దాం. ఆ బల్లల్లో చాలావరకు హ్మాంగ్ వాళ్లవి. లావోస్ కొండల్లో వ్యవసాయం చేసుకునేవాళ్లను ఇంకో యుద్ధం తరిమేస్తే 1970ల చివర నుంచి అమెరికా వచ్చారు. భాష రాదు, చేతిలో డబ్బు లేదు, మట్టి పని మాత్రం వచ్చు. సియాటిల్‌కు తూర్పున లోయల్లో కౌలుకు భూమి తీసుకుని పూలు వేశారు. మీ పూలావిడ వాళ్లలో ఒకరో కాదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. ఆవిడ గోళ్లలో మట్టి ఉందా లేదా చూశారా?

బుజ్జీ, నీ గరిటెలాయన తప్పిపోలేదు. ఆ బల్లలు ఎవరికీ సొంతం కావు. రోజూ పొద్దున హాజరు పిలుస్తారు. మార్కెట్ మాస్టర్ అని ఒకరుంటారు. సీనియారిటీ ప్రకారం పేర్లు పిలిచి చోట్లు ఇస్తారు. ఎక్కువ ఏళ్లుగా వస్తున్నవాళ్లు ముందు కోరుకుంటారు, కొత్తవాళ్లు మిగిలింది తీసుకుంటారు. ఎండాకాలంలో రైతులు ఎక్కువగా దిగితే చేతిపనుల వాళ్లు కొంచెం జరగాలి. పొద్దున పేరు పిలిచేవరకు తన బల్ల ఎక్కడో గరిటెలాయనకే తెలియదు. నాకైతే అలా ఉంటే టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టదు. ఆయన మాత్రం రోజూ పెట్టె సర్దుకుని వస్తున్నాడు.

ఆయన దగ్గర బేరం ఆడకండి. షాపులో బేరం వేరు, చేసినవాడి మొహం మీద బేరం వేరు. కొనే ఉద్దేశం లేకపోతే చూడండి, బాగుంటే బాగుందని చెప్పి పక్కకు జరగండి, వెనక కొనేవాళ్లకు దారి ఇవ్వండి. ఫొటో తీసుకోవాలంటే ముందు అడగండి. ఇది మీ నాన్నకు కూడా చదివి వినిపించండి. నేను మీ దగ్గర ఉన్నప్పుడు ఆయన తీసిన ఫొటోలు నాకు గుర్తున్నాయి.

తులిప్‌లు ఏప్రిల్‌లోనే ఎందుకు పూస్తాయి అన్నది ఇంకా మిగిలింది. శీతాకాలం రాకముందే దుంపలు నేలలో పాతాలి. ఆ దుంప చలిలో కొన్ని వారాలు ఉండాలి. ఆ చలి తగలకపోతే వసంతం వచ్చినా సరిగ్గా పూయదు. డాలియాకు అదే చలి పడదు, మంచు తగిలితే మొక్క నల్లబడి వాలిపోతుంది. రెండూ మట్టిలో ఉండే దుంపలే, రెంటికీ కళ్లూ లేవు, క్యాలెండరూ లేదు. లోపల ఏదో మారుతుందని చదివాను కానీ, అన్ని వారాల చలిని ఆ చీకట్లో అది ఎలా లెక్కపెట్టుకుంటుందో తలుచుకుంటే చదివింది చాలదనిపిస్తుంది. దీనికి నన్ను ఇంతకంటే అడక్కండి.

అడగాల్సిన మనిషి మీకు అరగంట దూరంలో ఉంది. వచ్చే శనివారం పెందలాడే వెళ్లండి, జనం పెరిగాక ఆవిడకు మాట్లాడే తీరిక ఉండదు. ముందు ఒక చిన్న గుత్తి కొనండి, తర్వాత అడగండి. చలికాలం వస్తే డాలియా దుంపల్ని తవ్వి ఇంట్లో దాచుకుంటుందా, గడ్డి కప్పి నేలలోనే వదిలేస్తుందా? తులిప్ దుంపలు ఎప్పుడు పాతుతుంది, ఎంత లోతులో? ఆవిడ చేత్తో చూపిస్తే మీరూ అలాగే చేత్తో కొలుచుకుని రండి. నాయనమ్మ కుండీల్లో ప్రయత్నిస్తానంటోంది, ఇక్కడి ఎండకు నాకు నమ్మకం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: మార్కెట్ ముందున్న కంచు పంది పేరు రేచల్. 1986 నుంచి అక్కడే ఉంది, దాదాపు 250 కిలోలు. అది నిజంగానే డిబ్బీ. దాంట్లో పడ్డ డబ్బులు ఆ మార్కెట్ చుట్టుపక్కల ఉండే ముసలివాళ్లకు, పిల్లలకు, తిండి లేనివాళ్లకు వెళ్తాయి. ఏ దేశపు నాణెం వేసినా మింగుతుంది. నేనిచ్చిన అయిదు రూపాయల బిళ్లలు మాత్రం మీ దగ్గరే ఉంచుకుని, మీ నాన్న జేబులోంచి క్వార్టర్లు, అంటే పావు డాలరు బిళ్లలు, అడిగి వెయ్యండి.