గులివింద పాచి ఏరుకు తినే చేప కాదండీ

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఇళ్లలో ఉప్పునీటి ట్యాంకులు, అంటే సముద్రపు చేపల్ని పెంచే గాజు తొట్లు, సర్దుతుంటాను. గడ్డం కింద మీసాలుండే సముద్రపు చేప ఈ గులివింద. అది ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "దానికి వేరే మేతెందుకండీ, అడుగున పడిందే కెలుక్కుని తింటాది కదా!" ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, నేను చూసినంతలో రోగాలకంటే దీనివల్లే ఎక్కువ గులివిందలు చచ్చాయి.

గడ్డం కింద ఆ రెండు మీసాలూ రుచి పట్టే అవయవాలు. ఇసకలో దూర్చి గబగబా ఆడించి, లోపల దాక్కున్న పురుగుల్నీ బుల్లి రొయ్యల్నీ పట్టుకుంటుంది. పాచి తినదు, రెట్ట అసలే ముట్టదు. ఇంటి ట్యాంకు ఇసకలో ఎన్ని పురుగులుంటాయి? కొద్ది వారాల్లో ఖాళీ. ఆ తర్వాతా పొద్దస్తమానం కెలుకుతూనే ఉంటుంది. చూసేవాళ్లు తింటోందని మురిసిపోతారు. అది తినడం కాదు, వెతుక్కోవడం.

పాలకొల్లులో ఒకాయన వనామీ రొయ్యల రైతు. చెరువులో రోజుకు నాలుగుసార్లు మేత, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడందే అన్నం తినడు. హాల్లో గులివిందకి మాత్రం రాత్రిపూట చిటికెడు మేత గుళికలు! ఎదురుగా నిలబడి చూపించాను: డొక్కలు లోపలికి పీక్కుపోయాయి, తల వెనక కండ కరిగిపోయింది. "మేత ఎక్కువైతే నీట్లో అమ్మోనియా పెరుగుద్దని భయమండీ" అన్నాడు. ఆ భయం తప్పని నేననను. కానీ మందు పస్తు కాదు. నీట్లో మురికిని నురగతో లాగేసే స్కిమ్మర్ పెట్టండి, వారం వారం కొంత నీరు మార్చండి, మేత మాత్రం కొంచెం కొంచెంగా రోజుకు మూడు నాలుగుసార్లు వెయ్యండి. ఒలిచిన పచ్చిరొయ్యని కందిగింజంత ముక్కలు చేసి, మధ్యమధ్య ఆర్టీమియా, మైసిస్ అనే బుల్లి రొయ్యల్లాంటి జీవుల్ని కలిపితే చాలు. ట్యాంకులోకి తెచ్చిన మొదటి రోజుల్లో ఇది మరీ ముఖ్యం. దారిలో పస్తుండి వచ్చిన చేప అది.

రాత్రి పదకొండింటికి వచ్చే ఫోన్లు ఇంకో రకం. "ఎర్రగా మచ్చలొచ్చి ఇసక మీద పడుకుందండీ, పోతుందా?" పోదు. చాలా గులివిందలు నిద్రలో రంగు మారుస్తాయి. లైటు ఆపేసి మీరూ పడుకోండి. పొద్దున్న కూడా అలాగే ఉండి, రొప్పుతుంటే అప్పుడు పిలవండి.

కళ్లుప్పు కలిపితే సముద్రం నీరు కాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం ఉండాల్సినంత ఉండవు, సముద్రపు చేపల ట్యాంకుల కోసం తయారుచేసే మెరైన్ సాల్టే వాడాలి. కాలువ మొగ దగ్గర నీరు తేవడం ఇంకా ప్రమాదం. పోటుకొక ఉప్పు, పాటుకొక ఉప్పు, గోదావరికి వరదొస్తే దాదాపు మంచినీరే. ట్యాంకులో ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు) దగ్గర నిలబడాలి. రొయ్యల రైతు ఇంట్లో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఎలాగూ ఉంటుంది, చెరువుకి వాడినట్టే దీనికీ వాడండి.

కాకినాడ బోటులో బతికున్నది దొరికిందని తేకండి. ట్రాల్ వలలో పొలుసులూడిన చేప బతికి బట్టకట్టడం అరుదు.

ట్యాంకుని బట్టి పెరుగుతుందనేది ఒట్టిమాట. పసుపు రంగుదని ముచ్చటపడి కొనే పారుపెనియస్ సైక్లోస్టోమస్ అనే గులివింద రకం అరమీటరు దాకా పెరుగుతుంది, చిన్న చేపల్ని మింగేస్తుంది. ఆరడుగుల ట్యాంకు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. గరుకు పగడపు ముక్కలు పరిస్తే మీసాలు చీరుకుపోతాయి, సన్న ఇసకే వెయ్యండి. మూత కూడా పెట్టండి, బెదిరితే ఎగిరి బయటపడుతుంది.