కుర్చీ కింది కుక్క

ఒక సెలవు రోజున పిల్లల బొమ్మల తరగతి జరుగుతోంది. ఇరవై మంది దాకా పిల్లలు నేల మీదా బల్లల చుట్టూ చేరి రంగులు పులుముకుంటున్నారు. వారిలో ఒక పాపకు కొత్తవారి మధ్య కూర్చోవాలంటే గుండె దడ. అందుకని తల్లి ఇంట్లో పెంచుకునే కుక్కను కూడా వెంట తీసుకువచ్చింది. అది పాప కుర్చీ కింద ముడుచుకుని పడుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు, ఒక్కసారి కూడా మొరగలేదు. అరగంట గడిచాక ఆవలించింది. కాసేపటికి మళ్లీ ఆవలించి, నాలుకతో ముక్కు చివర నాకుకుంది. ఒక బాబు వచ్చి దాని తోక పక్కనే కూలబడినప్పుడు తల కదపకుండా కళ్లు మాత్రం అటు తిప్పింది. కంట్లో తెలుపు నెలవంకలా బయటపడింది. "పాపం, నిద్ర వస్తున్నట్టుంది. ఎంత బుద్ధిగా ఉందో చూడండి" అని నా పక్కన కూర్చున్న ఒక తల్లి మురిసిపోయింది.

ఆ కుక్కకు నిద్ర రావడం లేదు. అలసట లేకుండా వచ్చే ఆవలింత, తినేదేమీ లేకుండా మూతి నాకుకోవడం, తల బిగపట్టి కళ్లు పక్కకు తిప్పడం, ఇవన్నీ కుక్క తన ఇబ్బందిని చెప్పుకునే పద్ధతులని జంతు ప్రవర్తనను అధ్యయనం చేసేవారు ఏనాడో గుర్తించారు. ఆ రోజు ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ కుక్క తనకు తెలిసిన భాషలో మూడుసార్లు మొర పెట్టుకుంటే, గదిలో ఉన్న పెద్దలలో ఒక్కరికీ అది అర్థం కాలేదన్న సంగతి నన్ను వదల్లేదు. శిక్షణ లేని తోడు కుక్కలకు పిల్లలు గుంపుగా చేరే కార్యక్రమాలలో చోటు ఉండాలా అని ఎవరైనా అడిగితే, ఉండకూడదనే నేను చెబుతాను. అలా చెప్పడానికి ఆ పాప అవసరాన్ని శంకించనక్కరలేదు, ఆ కుక్క మంచితనాన్నీ శంకించనక్కరలేదు.

ఈ చర్చ సాధారణంగా పేర్ల దగ్గరే దారి తప్పుతుంది. మనిషికి ఆసరాగా ఉండే కుక్కలన్నింటినీ ఒకే గాటన కడతాం కానీ వాటిలో మూడు రకాలున్నాయి. ఒక వ్యక్తి వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పని చేసేలా తర్ఫీదు పొందినది సర్వీస్ డాగ్. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు దారి చూపే కుక్కలను తయారు చేయడానికి 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదలైన శిక్షణాలయం ఈ సంప్రదాయానికి ఆద్యం. తన యజమానికి కాకుండా ఆసుపత్రులలో, బడులలో ఇతరులకు ఊరటనివ్వడానికి, స్వభావ పరీక్షలో నెగ్గి, తనను నడిపించే మనిషితో కలిసి వెళ్లేది థెరపీ డాగ్. ఇక మూడోది ఎమోషనల్ సపోర్ట్ డాగ్, అంటే పక్కన ఉండటమే దాని పని. దానికి ఏ శిక్షణా అవసరం లేదు, ఏ పరీక్షా ఉండదు. పాప కుర్చీ కింద ఉన్నది ఈ మూడో రకం కుక్కే.

ఈ తేడాను చట్టంలో స్పష్టంగా రాసుకున్న దేశం అమెరికా. అక్కడ వైకల్యం గలవారి హక్కుల కోసం 1990లో వచ్చిన చట్టానికి సంబంధించి 2011 మార్చిలో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, కేవలం పక్కన ఉండి ధైర్యం ఇవ్వడం 'పని' కిందికి రాదు. ఆందోళన ముంచుకొస్తున్నట్టు పసిగట్టి, దాన్ని తగ్గించడానికి నేర్పిన చర్య చేసే కుక్క అయితే సర్వీస్ డాగే అవుతుంది. కుక్క ఎందుకు వచ్చిందో తేటగా కనబడనప్పుడు నిర్వాహకులు రెండే ప్రశ్నలు అడగవచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమైందా? దీనికి ఏ పని నేర్పారు? ధ్రువపత్రం చూపమని అడగకూడదు. మరోవైపు ఇంటర్నెట్‌లో డబ్బు కడితే దొరికే రిజిస్ట్రేషన్ పత్రాలకూ, కుక్కకు తొడిగే కోట్లకూ ఆ చట్టం దృష్టిలో విలువ లేదు. అన్ని అర్హతలూ ఉన్న సర్వీస్ డాగ్ అయినా అదుపు తప్పి దాని మనిషి దారికి తేలేకపోయినా, లోపల మలమూత్రాలు విసర్జించినా బయటికి పంపే హక్కు నిర్వాహకులకు ఉంటుంది. నాకు ఈ నిబంధనలలో బాగా నచ్చింది ఆ రెండో ప్రశ్న. కుక్క ఎంత మంచిదని కాక, ఏం నేర్చుకుందని అడగడం వల్ల మాట మనోభావాల నుంచి అసలు విషయం మీదికి వస్తుంది.

ఇంతకూ శిక్షణ అంటే ఏమిటి? కూర్చోమంటే కూర్చోవడం, చెయ్యి ఇమ్మంటే ఇవ్వడం అనుకుంటాం. అవి తేలికైన భాగం. కష్టమైనది పట్టించుకోకపోవడం నేర్పడం. నేల మీద పడిన తినుబండారం, చెవి పక్కన పగిలిన బెలూను, పరుగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులు వేసే పిల్లవాడు, వీటిలో దేనికీ చలించకుండా తన మనిషి మీదే ధ్యాస నిలపడం కుక్క సహజ స్వభావానికి ఎదురీత. అందుకు నెలల తరబడి, మెల్లమెల్లగా అలవాటు చేయాలి. పుట్టుక నుంచీ ఏరికోరి పెంచిన కుక్కపిల్లలలో కూడా చాలా వాటిని శిక్షణాలయాలు మధ్యలోనే పక్కన పెట్టేస్తాయి. కొన్ని చోట్ల వాటి సంఖ్య సగం దాకా ఉంటుంది. అవేమీ చెడ్డ కుక్కలు కావు, ఇళ్లలో హాయిగా బతికే కుక్కలే, ఆ పనికి సరిపోలేదంతే. నిపుణులు ఎంచిన వాటి సంగతే ఇలా ఉంటే, ఎవరూ పరీక్షించని కుక్క "చీమకు కూడా హాని చేయదు" అన్న యజమాని మాట మీద పిల్లల గుంపులోకి రావడం వింతే. ఆ మాట అబద్ధమని కాదు, ఇంటి వరకే నిజం.

వయసు సంగతి ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. కుక్కపిల్లలకు మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకునే కాలమని జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ తమ పరిశోధనలతో నిరూపించారు. ఆ రోజులలో చిన్నపిల్లల అరుపులూ తప్పటడుగులూ ఎరుగని కుక్కకు ఆ తర్వాత పిల్లలు వింత జీవులుగానే కనిపించవచ్చు. కుక్కలకు కౌమారం కూడా ఉంటుంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో 5 నెలల వయసులో మాట విన్న కుక్కలే 8 నెలలకు వచ్చేసరికి తమను పెంచేవారి మాటను పెడచెవిన పెట్టాయి. తెచ్చి ఏడాది కూడా నిండని కుక్కను తోడుగా వెంటబెట్టుకొచ్చేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆ గదిని కుర్చీ కింది నుంచి చూద్దాం. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాల వరకే వినబడితే కుక్కకు సుమారు 45,000 దాకా వినబడుతుంది. ఎక్కువ కంపనాల శబ్దాలు మనకంటే దానికి చాలా మెరుగ్గా అందుతాయి కాబట్టి, మనకు మామూలుగా తోచే కీచు దానికి అలా తోచకపోవచ్చు. ఇక వాసన సంగతి మరీ ఆసక్తికరం. బెల్ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 36 మంది చేత కష్టమైన నోటి లెక్కలు చేయించి, లెక్కలకు ముందూ తర్వాతా సేకరించిన వారి చెమట, ఊపిరి నమూనాలను నాలుగు కుక్కల ముందు ఉంచారు. ఒత్తిడికి లోనైన నమూనాను అవి 93.75 శాతం సందర్భాలలో సరిగ్గా పట్టుకున్నాయని 2022లో ప్రకటించారు. అంటే పాప భయం కుక్కకు ముక్కు ద్వారా కూడా తెలిసే అవకాశం ఉంది. శిక్షణ పొందిన కుక్కకు ఆ కబురు అందితే ఏం చేయాలో నేర్పి ఉంటారు. నేర్పని కుక్కకు కబురు మాత్రమే అందుతుంది, బదులు తెలియదు.

ఇలాంటి చిన్న చిన్న ఒత్తిళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కొత్త చోటు, రంగుల వాసన, జరిగిన కుర్చీ కాలి చప్పుడు, తోక పక్కన కూలబడిన బాబు, వీటిలో ఏ ఒక్కటైనా దానికి భరించదగిందే. అన్నీ ఒకే అరగంటలో పడితే చివర వచ్చేది ఎంత చిన్నదైనా గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. "ఏమీ చేయకుండానే కరిచింది" అని తర్వాత చెప్పుకునే సంఘటనలు చాలా వరకు ఇలాంటివే. పారిపోగలిగితే కుక్క పారిపోయేది. కుర్చీ కింద లీష్ (మెడపట్టీకి తగిలించే తాడు)తో కట్టి ఉన్నదానికి ఆ దారి కూడా లేదు.

కుక్క ఆఖరి హెచ్చరికలు ఇచ్చినా చిన్నపిల్లలు వాటిని అందుకోలేరు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్‌స్టిన్ మైంట్స్ బృందం చేసిన పరిశీలనలలో, పళ్లు బయటపెట్టి బెదిరిస్తున్న కుక్క ముఖాన్ని చూసి కుక్క సంతోషంగా ఉందని, నవ్వుతోందని చెప్పిన పసిపిల్లలు తక్కువేమీ కాదు. మనిషి ముఖంలో పళ్లు కనబడితే నవ్వు అని నేర్చుకుంటున్న వయసది. ముఖంలో ముఖం పెట్టి చూడటం, కౌగిలించుకోవడం మనకు ప్రేమ, చాలా కుక్కలకు బంధనం. పైగా పసిపిల్లల ముఖం కుక్క నోటికి సమాన ఎత్తులో ఉంటుంది కాబట్టి వారికి అయ్యే గాయాలు ఎక్కువగా తల, మెడ, ముఖాలకే అవుతాయి. అమెరికా లెక్కలలో కుక్కకాటుకు వైద్యం అవసరమైన పిల్లలలో 5 నుంచి 9 ఏళ్ల వారు ముందుంటారు. కరిచినవి కూడా చాలా వరకు వీధి కుక్కలు కావు, తెలిసిన కుక్కలే.

మొరిగే కుక్క కరవదన్న సామెత ఈ విషయంలో మనకు కొంత చేటు చేసింది. మొరగడం, గుర్రుమనడం కరవబోయే ముందు కుక్క మనకు ఇచ్చే గడువు. గుర్రుమన్నందుకు తిట్టీ కొట్టీ ఆ గొంతు నొక్కేస్తే మిగిలేది శాంతమైన కుక్క కాదు, చెప్పకుండా కరిచే కుక్క. మర్యాదస్తుల సభలో ఒక్క శబ్దమూ చేయని కుక్కను చూసి నేను అంత తేలిగ్గా మెచ్చుకోలేకపోవడానికి ఇదే కారణం.

టీకా వేయించాం కదా అంటారు కొందరు. టీకా పత్రం రేబీస్ గురించి భరోసా ఇస్తుంది, ప్రవర్తన గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఉబ్బసం, ఎలర్జీ ఉన్న పిల్లల సంగతి వేరే ఉంది. కుక్క ఉమ్మిలో, చర్మపు పొట్టులో ఉండే 'కాన్ ఎఫ్ 1' అనే ప్రోటీన్ బట్టలకు అంటుకుని, కుక్కలు అడుగుపెట్టని తరగతి గదులలోకి కూడా చేరుతుంది. ఎలర్జీ రాని జాతి అని చెప్పి అమ్మే కుక్కల ఇళ్లలో అది తక్కువగా ఉందని కొలతలలో తేలలేదు. కుక్కను చూస్తేనే వణికే పిల్లలూ అదే గుంపులో ఉంటారు. వారి భయం కూడా ఆ పాప భయమంత నిజమైనదే.

ఇంత చెప్పాక అవతలి పక్షం బలాన్ని దాచిపెడితే అన్యాయమవుతుంది. పిల్లల వైద్యంలో కుక్క పాత్రను శాస్త్రలోకం ముందుకు తెచ్చిన అమెరికన్ మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ కుక్క జింగిల్స్ తర్ఫీదు పొందిన కుక్కేమీ కాదు. ఎవరితోనూ కలవని ఒక బాలుణ్ణి తల్లి చెప్పిన వేళకంటే ముందే తీసుకువచ్చినప్పుడు, గదిలో ఉన్న జింగిల్స్ వెళ్లి అతన్ని నాకింది, బాలుడు దాన్ని దగ్గరకు తీసుకున్నాడు. 1960ల తొలినాళ్లలో లెవిన్సన్ ఈ అనుభవాన్ని తోటివారికి చెప్పినప్పుడు కొందరు నవ్వారు కూడా. ఆ తర్వాతి పరిశోధనలు ఆయన చూసినదాన్ని చాలావరకు సమర్థించాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 2017లో ప్రచురించిన అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల పిల్లల చేత పరాయివారి ఎదుట ప్రసంగం, నోటి లెక్కలు చేయించారు. పెంపుడు కుక్క పక్కన ఉన్నవారు, తల్లో తండ్రో పక్కన ఉన్నవారికంటే కూడా తక్కువ ఒత్తిడి అనుభవించామని చెప్పారు. తామే కుక్కను పిలిచి నిమిరిన పిల్లలలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తక్కువగా ఉంది. కుక్క తనంతట తాను వచ్చి చుట్టూ తిరిగిన పిల్లలలో అది ఎక్కువగా ఉండే ధోరణి కనిపించింది.

ఈ ఆఖరి వాక్యాన్ని ప్రచారకులు తరచూ వదిలేస్తారు. పైగా జింగిల్స్ ఉన్న గదిలో ఒకే పిల్లవాడు, అతని తల్లి, గమనిస్తున్న వైద్యుడు ఉన్నారు. ఫ్లోరిడాలో ఒక్కో బిడ్డకు తన సొంత కుక్కే తోడుంది. ఒక బిడ్డకూ ఒక కుక్కకూ మధ్య, తెలిసిన పెద్దవారి ఎదుట, నిశ్శబ్దంలో జరిగినదాన్ని ఇరవై మంది పరాయి పిల్లల సందడికి వర్తింపజేయడం ఆధారం సరిపోని మాట. పిల్లల గుంపులకు వెళ్లే థెరపీ డాగ్‌ల విషయంలో పాటించే జాగ్రత్తలు చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. అమెరికాలోని పెట్ పార్ట్‌నర్స్ సంస్థ పరీక్షలో నెగ్గిన కుక్కను కూడా రోజుకు 2 గంటలకు మించి పని చేయనివ్వదు. కుక్క వెంట ఉండే హ్యాండ్లర్‌కు మరో పని ఉండదు. కుక్క ముఖం చూస్తూ ఉండటమే పని. మన బొమ్మల తరగతిలో ఆ పని ఎవరిది? తల్లి కళ్లు పాప మీద ఉన్నాయి, టీచరు కళ్లు ఇరవై మంది మీద ఉన్నాయి, లీష్ కొస పాప చేతిలో ఉంది.

కుక్కను రానివ్వకపోతే పాపను కూడా పంపేసినట్టే కదా అన్న ప్రశ్న మిగులుతుంది. అది నిర్వాహకులు తప్పించుకోకూడని ప్రశ్న. పరీక్షలో నెగ్గిన థెరపీ డాగ్‌ను ముందుగా చెప్పి, అందరి తల్లిదండ్రుల అంగీకారంతో, గది ఒక మూలకు రప్పించడం ఒక దారి. కుటుంబం తమ కుక్కకే తర్ఫీదు ఇప్పించి, పిల్లలు లేని జనసమ్మర్దంలోనూ ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లల మధ్యా పరీక్షించుకుంటూ రావడం మరో దారి. దీనికి నెలలు పడుతుంది. వీటికి ముందు రేపే చేయగలిగింది ఒకటి ఉంది, ఆ తరగతి నిర్వాహకురాలు చివరికి చేసింది అదే. పక్క గదిలో తలుపు మూసి, నీళ్ల గిన్నె పెట్టి, కుక్క దగ్గర తండ్రిని కూర్చోబెట్టారు. గుండె దడ మొదలైనప్పుడు చెయ్యి ఎత్తి చెప్పి వెళ్లి రావచ్చని పాపతో అన్నారు. మొదటి వారం పాప నాలుగుసార్లు లేచి వెళ్లింది. మూడో వారం ఒక్కసారే వెళ్లింది, అదీ తాను వేసిన బొమ్మను కుక్కకు చూపించడానికి.