నల్లమల అగ్గి, హిమాలయ అగ్గి ఒకటి కాదు

నల్లమలలో దేవదారు పుట్టదు, పైన్ పుట్టదు. పైన్, దేవదారు లాంటి, పూలు పూయని చెట్ల కుటుంబాన్ని కోనిఫర్లు అంటారు. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ జాతి నగేయా ఒక్కటే. అదీ పడమటి కనుమల దక్షిణ కొసన ఉన్న తడి అడవుల్లో. దాని ఆకులు సూదుల్లా ఉండవు, వెడల్పుగా ఉంటాయి. తోటల్లో కనిపించే సరుగుడును పైన్ అనుకునేవాళ్లు చాలామందే. అది పూలు పూసే జాతి చెట్టు. సూదుల్లా వేలాడేవి దాని సన్నని కొమ్మలు, ఆకులు కావు.

అయినా పైన్, దేవదారు పెరిగే చలికొండల అడవుల కథ అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ వైపు వాళ్లకు తెలిసి ఉండాలని నా పట్టుదల. ఫిబ్రవరి వచ్చిందంటే నల్లమలలో ఎక్కడో ఒకచోట అగ్గి లేస్తుంది. మే చివరిదాకా అదే టెన్షన్. ఆ రోజుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "అడవిలో ఒక్క నిప్పురవ్వ కూడా పడకూడదు" అని కొందరు. "అగ్గి అడవికి మంచిదే, అమెరికాలో వాళ్లే కావాలని అంటిస్తారు" అని ఇంకొందరు. రెండూ ఎక్కువగా కోనిఫర్ అడవుల అనుభవం నుంచి వచ్చిన మాటలే. ఏ చెట్టు కింద, ఎన్నేళ్లకోసారి అన్న సంగతి మాత్రం మన దాకా వచ్చేసరికి జారిపోయింది.

చలికొండల మీద చెట్టుకు మొదటి కష్టం నీళ్లతోనే. కాండంలో నీరు గడ్డకట్టి మళ్లీ కరిగితే గాలి బుడగలు పుడతాయి, పైకెక్కే నీటిధార తెగిపోతుంది. వెడల్పాకు చెట్లలో నీరెక్కే గొట్టాలు పెద్దవి. పెద్ద బుడగ పడితే ఆ గొట్టం ఇక పనికిరాదు. కోనిఫర్లలో అలాంటి గొట్టాలు లేవు. చాలా సన్నని కణాలు ఒకదాని నుంచి ఒకటి నీటిని అందుకుంటాయి. వాటిలో పుట్టే బుడగలు చిన్నవి, మంచు కరిగేటప్పుడు తిరిగి నీటిలో కలిసిపోతాయి. నీరు నెమ్మదిగా ఎక్కుతుంది కానీ ధార తెగదు. ఆకు సూదిలా సన్నబడి మైనం పూత పూసుకుంటుంది. ఎక్కువ జాతులు ఆ ఆకుల్ని కొన్నేళ్లు అట్టే పెట్టుకుంటాయి. చలి తగ్గి ఎండ తగిలిన రోజే, కొత్త చిగురు కోసం ఎదురుచూడకుండా, ఆహారం తయారు చేసుకుంటాయి.

కానీ ఇంత గట్టిగా తయారైన సూది రాలాక తొందరగా కుళ్లదు. అందులో జిగురు ఉంటుంది, మైనం ఉంటుంది, పైగా నేల చల్లన. బూజులు, పురుగులు తినడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా కొత్త సూదులు పడుతూనే ఉంటాయి. మన అడవిలో మంట పడని చోట రాలిన ఆకులో చాలా భాగం వానాకాలంలో చెదలకు, బూజులకు ఆహారమవుతుంది. పొడిగా ఉండే పైన్ అడవుల్లో ఆ పనిలో కొంత వాటా వేల ఏళ్లుగా నిప్పుదే. ఈ ఒక్క తేడా మనసులో ఉంచుకుంటే మిగతా కథ అర్థమవుతుంది.

అక్కడి చెట్లన్నీ నిప్పుతో ఒకేలా ఉండవు. అమెరికా పడమటి కొండల్లో పాండరోసా పైన్ ఉంది. బెరడు మందం, కింది కొమ్మలు వాటంతటవే రాలిపోతాయి. 5 నుంచి 30 ఏళ్లకోసారి నేల మీద పాకే చిన్న మంట వచ్చి, సూదుల్ని, పిల్లమొక్కల్ని కాల్చి, పెద్ద చెట్లను వదిలి వెళ్లేది. చెట్ల మధ్య బండి తోలుకుపోయేంత ఖాళీ ఉండేదని తొలినాటి వలసదారులు రాసుకున్నారు. ఇంకాస్త చల్లని చోట పెరిగే లాడ్జ్‌పోల్ పైన్ తీరు పూర్తిగా వేరు. బెరడు పలచన, మంట వస్తే చచ్చిపోతుంది. కానీ దాని కాయల్లో చాలావాటిని జిగురు మూసి ఉంచుతుంది. 45 డిగ్రీలు దాటిన వేడి తగిలితేనే ఆ జిగురు కరిగి విత్తనాలు రాలతాయి. నల్గొండలో మే నెల గాలికే అంత వేడి ఉంటుంది. ఆ కొండల మీద గాలి అంత వేడెక్కదు, మంటే రావాలి. అలాంటి మంట వందేళ్లకో, రెండు మూడు వందల ఏళ్లకో వచ్చి కొండలకు కొండలు తుడిచేస్తుంది, ఆ బూడిదలోనే కొత్త అడవి లేస్తుంది. ఇక కాలిఫోర్నియాలోని మహావృక్షం సెకోయా బెరడు 2 అడుగుల మందం దాకా ఉంటుంది. దాని విత్తనం మొలవాలంటే సూదుల పరుపు కాలి, మన్ను బయటపడి, ఎండ నేలకు తగలాలి.

1910 ఆగస్టులో ఐడహో, మాంటానా కొండల్లో లేచిన మంట రెండు రోజుల్లో సుమారు 12 లక్షల హెక్టార్లు కాల్చేసింది. 80 మందికి పైగా చనిపోయారు. ఆ భయం అమెరికా అటవీశాఖను పాతికేళ్లు వదల్లేదు. 1935లో ఒక నియమం పెట్టారు: ఎక్కడ మంట కనిపించినా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా అదుపులోకి రావాలి. ఏ చెట్టు, ఏ కొండ అన్న ప్రశ్నే లేదు. ఆ నియమం బాగా పనిచేసింది కూడా, అసలు సమస్య అదే. పాండరోసా అడవుల్లో సూదులు పేరుకున్నాయి. మంటకు కాలిపోవాల్సిన పిల్లచెట్లు గుంపులు గుంపులుగా ఎదిగాయి. ఇప్పుడు మంట వస్తే నేల మీద ఆగకుండా వాటిని నిచ్చెన చేసుకుని పెద్ద చెట్ల తలల దాకా ఎక్కుతోంది. ఇంత మందపు బెరడున్న సెకోయాలు సైతం 2020 కార్చిచ్చులో వేల సంఖ్యలో చనిపోయాయి. ఆ చెట్లున్న జాతీయ పార్కుల్లో 1960ల చివరి నుంచే సిబ్బంది కావాలని చిన్న మంటలు పెడుతున్నారు. అది చాల్లేదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. 1988లో యెల్లోస్టోన్ పార్కులో సుమారు మూడో వంతు మంటల పాలైతే, దాన్ని కూడా మంటలు ఆర్పుతూ వచ్చిన ఫలితంగానే చాలామంది చెప్పుకున్నారు. అక్కడ ఎక్కువగా ఉన్నది లాడ్జ్‌పోల్ పైన్. ఎండిన ఏడాది, బలమైన గాలి కలిసొస్తే అది అంత పెద్దగా కాలడం దాని స్వభావమే. మరుసటి వేసవికే బూడిదలో పైన్ మొలకలు లేచాయి. ఒకే దేశంలో, పక్కపక్క కొండల మీద ఒక చెట్టు పాఠం ఇంకో చెట్టుకు పనికిరాలేదు. అలాంటి పాఠాన్ని సముద్రం దాటించి నల్లమల వాకిట్లోని మన్ననూరు చెక్‌పోస్టు దాకా తెచ్చి అప్పజెబితే ఎలా?

మన దేశపు కొండలకు వద్దాం. ఉత్తరాఖండ్, హిమాచల్‌లో 500 నుంచి 2,000 మీటర్ల ఎత్తు దాకా చీర్ పైన్ పరుచుకుని ఉంటుంది. జానెడు పొడవు సూదులు, మూడేసి ఒక కట్ట. ఎండలు ముదిరే వేళకే అవి కుప్పలుగా రాలతాయి. స్థానికులు పిరూల్ అంటారు. వాటి మీద కాలు జారుతుంది, నిప్పు పడితే కొండంతా అంటుకుంటుంది. చీర్ పైన్‌కు మందపు బెరడు ఉంది కాబట్టి అది బతుకుతుంది. దాని పక్కన పెరిగే బాంజ్ ఓక్ అంత తట్టుకోలేదు. పల్లెవాళ్లకు కావాల్సింది బాంజే. పశువులకు మేత, పొయ్యికి కట్టెలు, దాని కింది మెత్తని మట్టిలో ఇంకిన నీటితో ఊటలు. ఆంగ్లేయుల పాలనకు కావాల్సింది చీర్ పైన్. దాని జిగురు నుంచి టర్పెంటైన్ వచ్చేది. 1911 తర్వాత ఉత్తరాఖండ్‌లోని కుమావూ అడవుల్ని రిజర్వు చేసి జనాన్ని కట్టడి చేస్తే, 1921లో ఊళ్లవాళ్లు చీర్ అడవులకు నిప్పు పెట్టి నిరసన చెప్పారు. 1931లో వచ్చిన వన పంచాయతీల (ఊరి అడవిని ఊరే చూసుకునే సంఘాల) వెనుక ఆ మంటలు ఉన్నాయి. అడవిని కాపాడే పనిలో ఊరికి వాటా ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. 2024 జూన్‌లో అల్మోడా దగ్గరి బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే ఆ మంటలకు బలయ్యారు. కొండవాలులో మంట పైకి పరుగెత్తుతుంది, మనిషి దానికంటే వేగంగా ఎక్కలేడు.

ఇప్పుడు నల్లమల. ఇక్కడ నల్లమద్ది, ఏగిస, చిరుమాను, టేకు, తునికి, మోదుగ, ఇప్ప. కింద వెదురు, బోద గడ్డి. ఎండాకాలానికి చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి. మోదుగ ఒంటి మీద ఆకు లేకుండా హోలీ వేళకు పూస్తుంది. మంట పడితే నేల మీదే పాకుతుంది, తలల్లో ఆకే లేనప్పుడు పైకెక్కి కాల్చడానికేముంది? నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా మందంగా పగిలి ఉంటుంది. తునికి, మోదుగ పైన కాలినా వేరు నుంచి పిలకలు వేస్తాయి. అందుకే మంట పోయిన నెలకు చూస్తే అడవికి ఏమీ కానట్టే కనిపిస్తుంది. బూడిద మీద పచ్చగడ్డి లేస్తుంది, దుప్పులు వస్తాయి. "అగ్గి మంచిదే" అనే మాటకు బలం ఇక్కడే దొరుకుతుంది.

నష్టం కంటికి ఆనని ఎత్తులో జరుగుతుంది. ఏగిస మొలక మొదటి కొన్నేళ్లు ప్రతి ఎండాకాలం పైన ఎండిపోయి, వేరులో బలం దాచుకుని, వానకు మళ్లీ చిగురిస్తుంది. వేరు గట్టిపడ్డాకే నిలువునా లేస్తుంది. మధ్యలో ఏటా మంట పడితే ఆ దాచుకున్నది అయిపోతుంది. పెద్ద చెట్లు ఉంటాయి, వాటి తర్వాత నిలబడాల్సినవి ఉండవు. నక్షత్ర తాబేలు మంటను దాటి పోలేదు. నేల మీద గుడ్లు పెట్టే కౌజులకు చోటుండదు. రాళ్ల మీద ఉన్న పలుచని మన్ను తొలకరి వానకు కొట్టుకుపోయి వాగుల మీదుగా కృష్ణలో కలుస్తుంది.

ఏటా మంట ఇక్కడి సహజ పద్ధతి కాదు. అమెరికాలోని రాకీ కొండల్లో వాన లేని పిడుగులు చాలా మంటలకు కారణం. మన దగ్గర పిడుగు ఎక్కువగా వానతోనే వస్తుంది. అడవి ఎండి ఉన్న ఫిబ్రవరి, మార్చిలో నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతి నుంచే పడుతుంది. తునికి కొత్త ఆకు కోసం పెట్టేది, తేనె తీసేటప్పుడు కాగడా నుంచి రాలేది, శ్రీశైలం రోడ్డు మీద కారులోంచి విసిరిన సిగరెట్, చైత్ర పౌర్ణమికి అడవిలోని సలేశ్వరం జాతరకు వచ్చినవాళ్లు ఆర్పకుండా వదిలిన పొయ్యి. కాబట్టి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న నిప్పు ఉండాలా వద్దా అని కాదు, ఒకే అడవి ముక్క మీద ఎన్నేళ్లకోసారి పడుతోంది అని.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలు చూసి ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. మంచి ఏర్పాటు. కానీ ఆ ఉపగ్రహానికి ఒక్కో చుక్క 375 మీటర్ల చోటు, అదీ రోజుకు కొన్నిసార్లే అది మన మీదుగా పోతుంది. చిన్న మంటను ముందుగా చూసేది పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో ఉండే చెంచులే. వాళ్లను వేసవి మూడు నెలలకు ఫైర్ వాచర్లుగా పెట్టి, తర్వాత మర్చిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. మంట దాటకుండా గడ్డి తీసేసే ఫైర్ లైన్లు ఎక్కడ కొట్టాలి, జనవరి చలిలోనే ఏ గడ్డిని ముందుగా కాల్చేయాలి, ఏ లోయను ఎప్పటికీ ముట్టుకోకూడదు అన్నది నిర్ణయించే చోట కూడా వాళ్లు కూర్చోవాలి. ఏడాది పొడవునా జీతం ఉండాలి.

ఇంకో పని కూడా పెద్ద ఖర్చు లేకుండా అయ్యేదే. ఫరహాబాద్, అప్పాపూర్ పెంట చుట్టుపక్కల కొన్ని ముక్కలు ఎంచుకుని అయిదేళ్లు మంట పడకుండా కాపాడాలి. వాటి పక్కనే మంట పడుతున్న ముక్కల్ని కూడా గుర్తుపెట్టాలి. ఏటా వానల తర్వాత ఏగిస, నల్లమద్ది, చిరుమాను మొక్కల్లో ఎన్ని మనిషి నడుము ఎత్తు దాటాయో రెండుచోట్లా లెక్క రాయాలి. ఆ లెక్క పెంటలోని చదువుకున్న పిల్లలే రాయగలరు. అయిదేళ్ల తర్వాత నల్లమలలో మంటకూ మంటకూ మధ్య ఎన్నేళ్ల ఎడం కావాలో అమెరికానో కుమావూనో అడగక్కర్లేదు. బోద గడ్డి ఎండకముందే, అంటే డిసెంబరులోపే, ఆ ముక్కలకు హద్దురాళ్లు పాతాలి.