నల్ల యాలక్కాయకు ఆ పొగ వాసన ఎలా వస్తుంది?

పచ్చ యాలకులు అయిపోయాయి కదా అని పాయసంలో నల్లవి వేశారంటే పాయసం పాడైనట్టే. పచ్చ యాలకులే ముదిరి నల్లబడతాయనో, వాటిలో నాసిరకమనో చాలామంది అనుకుంటారు గానీ రెండూ వేరు మొక్కలు. అల్లం కుటుంబానివే అయినా పచ్చది ఎలెటేరియా కార్డమోమం, నల్లది అమోమం సుబులేటం.

నల్ల యాలకులు పండేది తూర్పు హిమాలయాల్లో. సిక్కిం, డార్జిలింగ్ కొండలు, తూర్పు నేపాల్, భూటాన్. అక్కడ ఎక్కువగా ఉత్తిస్ అనే హిమాలయ ఆల్డర్ చెట్ల నీడన పెంచుతారు, ఎందుకంటే ఆ చెట్ల వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, రాలిన ఆకులు కుళ్లి అదంతా నేలకు చేరుతుంది, దాంతో బయటి ఎరువుల అవసరం బాగా తగ్గిపోతుంది. పూలు కాండం మొదట్లో, దాదాపు నేలకు ఆనుకుని పూస్తాయి. చిర్కే, ఫుర్కే అనే వైరస్ తెగుళ్లు మాత్రం రైతుల్ని బాగా ఏడిపిస్తాయి, పేనుబంక వీటిని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది.

ఇక పొగ సంగతి. కోసినప్పుడు కాయ నల్లగా ఉండదు, ముదురు ఎరుపులో ఉంటుంది, పొగ వాసనా ఉండదు. అందులో దాదాపు 80 శాతం నీరే కాబట్టి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. అందుకని భట్టీ మీదికి ఎక్కిస్తారు. రాతి గోడల మధ్య కట్టెల మంట, పైన పరిచిన తడక మీద కాయలు. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ వేడికి విరిగి గ్వాయకాల్ లాంటి ఫినాల్‌లు, అంటే పొగ వాసననిచ్చే పదార్థాలు, పొగలో కలుస్తాయి, అవి కాయ తొక్కలోకి ఇంకుతాయి. మంట, పొగ నేరుగా తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యర్లలో పెడితే అదే కాయ ఎర్రగానే మిగులుతుంది, కర్పూరం లాంటి వాసన వస్తుంది. అంటే మనం ఇష్టపడే ఆ ఘాటులో సగం మొక్కది, సగం మంటది!

ఒక కాయ విప్పి చూడండి. పీచుపీచుగా గరుకు తొక్క, లోపల మూడు గదులు, నల్లటి తీపి జిగురులో అంటుకుపోయిన గింజలు. జిగురు ఉంటే కాయ తాజాది, ఊపితే గింజలు గలగలమంటే పాతది. ఒక గింజ కొరికితే ముక్కులోకి చల్లగా ఎక్కుతుంది. అది సినియోల్, యూకలిప్టస్ నూనెలోనూ ముఖ్యంగా ఉండేది ఇదే. పచ్చ యాలకుల్లో దానితో పాటు టెర్పినైల్ అసిటేట్ దండిగా ఉండి తియ్యటి సువాసన ఇస్తుంది, నల్లవాటిలో అది బాగా తక్కువ. పాయసానికి పనికిరానిది అందుకే.

వీటికి తగినవి నెమ్మదిగా ఉడికే వంటలు: బిర్యానీ, రాజ్మా, మాంసం కూరలు. కాయను కాస్త చితక్కొట్టి మొదట్లోనే నూనెలో వేయండి, ఈ సుగంధాలు నీళ్లలో కన్నా నూనెలో బాగా కరుగుతాయి. సినియోల్ త్వరగా ఎగిరిపోయినా పొగ ఫినాల్‌లు ఎక్కువసేపు నిలబడతాయి. గిన్నెడు కూరకు ఒకటి, మహా అయితే రెండు. గరం మసాలాకు గింజలు చాలు, అదీ అప్పటికప్పుడు దంచుకుంటేనే రుచి.

వైద్యం విషయంలో నాకు కోపం వచ్చేది ఒకటుంది. ఆయుర్వేదంలో దీన్ని జీర్ణానికీ దగ్గుకీ వాడతారు, సినియోల్ మీద ఆధునిక పరిశోధనలూ జరిగాయి, అంతవరకూ నిజమే. కానీ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు మీద చేసిన పరీక్షల్లో రోజుకు 600 మిల్లీగ్రాముల సినియోల్‌ను క్యాప్సూల్స్‌గా ఇచ్చారు. ఒక కాయలో గింజలు సుమారు ఒక గ్రాము, అందులో నూనె రెండు మూడు శాతం, ఆ నూనెలోనూ అంతా సినియోల్ కాదు. లెక్కేస్తే కాయకు 20 మిల్లీగ్రాములు కూడా అనుమానమే. టీలో ఒకటి దంచి వేసుకుంటే గొంతుకు హాయిగా ఉంటుందనిపిస్తే వేసుకోండి, దాన్ని నమ్ముకుని ఆస్తమా ఇన్‌హేలర్ మాత్రం మానకండి.