అమ్ములు చేతి మీద మచ్చ గురించి తాతయ్య ఉత్తరం

చిన్నూకీ, అమ్ములుకీ,

మొన్న ఆదివారం తల తుడుస్తుంటే "తాతయ్యా, నా చేతి మీద ఈ గుంటేంటి" అని అడిగావు కదా అమ్ములూ, టీకా మచ్చ అని చెప్పి ఊరుకున్నా. కానీ ఆ మచ్చకీ నాకూ ఒక సంబంధం ఉంది, మీ అమ్మ ముందు నోరు రాలేదు, అందుకే రాస్తున్నా.

అది బీసీజీ. పసిపిల్లలకి టీబీ ముదరకుండా పుట్టగానే వేస్తారు. కాల్మెట్, గెరాన్ అని ఇద్దరు ఫ్రెంచి సైంటిస్టులు పశువులకి టీబీ తెప్పించే క్రిమిని ఆలుగడ్డ ముక్కల మీద 13 ఏళ్ళు, దాదాపు 230 సార్లు మార్చి మార్చి పెంచితే దాని కోరలు ఊడిపోయాయి, 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకి ఇచ్చారు. 13 ఏళ్ళు! అంత ఓపిక నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పోయినేడు ఎండాకాలం సెలవులకి చిక్కడపల్లి రమ్మనలేదని అలిగారు గుర్తుందా, అప్పుడు నాకు మూత్రాశయంలో క్యాన్సర్. గడ్డ గీకి తీసేశాక మళ్ళీ రాకుండా డాక్టరమ్మ ఇచ్చిన మందు ఇదే బీసీజీ, సన్న ట్యూబ్‌తో లోపలికే పోస్తారు, వారానికొకటి చొప్పున ఆరు. రెండు గంటలు ఆపుకోవాలి, కాసేపు ఇటు కాసేపు అటు పొర్లుతూ ఫ్యాన్ చూస్తూ పడుకునేవాణ్ణి. అందులో ఉన్నవి బతికున్న క్రిములే కాబట్టి ఇంటికొచ్చాక బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ అమ్మమ్మ బ్లీచ్ పోసేది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడితే ఆమె కంగారు పడేది, డాక్టరమ్మేమో కొంచెం జ్వరం మంచిదే, ఒళ్ళు కదిలిందన్నమాట అనేది. ఈ వైద్యం 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టర్ తొమ్మిది మంది పేషెంట్ల మీద చేసి చూపించాడు.

టీబీ టీకా క్యాన్సర్‌ని ఎట్లా ఆపుతుంది? మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొత్తవాణ్ణి గేటు దగ్గరే ఆపుతాడు కానీ మూడో ఫ్లోర్ పిల్లాడే దొంగయితే పట్టించుకోడు కదా, క్యాన్సర్ మన కణమే, అదీ చిక్కు. బీసీజీ క్రిములు లోపలి గోడకి అంటుకుంటే రక్తంలో తెల్లకణాలు గుంపులుగా వచ్చి పడతాయి, వచ్చినవాటికి ఆ పక్కనున్న క్యాన్సర్ కణాలు కూడా కనబడతాయి.

ఇంకో సంగతి, ఆ తెల్లకణాల్లోనే టీ కణాలు అని ఒక రకం ఉన్నాయి, వాటికి బ్రేకులుంటాయి, లేకపోతే మన ఒంటినే తినేస్తాయి. పీడీ-1 అనే బ్రేకుని 1992లో హోంజో అనే సైంటిస్టు వాళ్ళు జపాన్‌లో కనుక్కున్నారు, క్యాన్సర్ దాన్నే నొక్కి పట్టుకుంటుందని తర్వాత తెలిసింది, ఆ బ్రేకు వదిలించే మందులొచ్చాయి, 2018లో ఆయనకీ, ఇంకో బ్రేకు మీద పనిచేసిన ఆలిసన్ అనే సైంటిస్టుకీ నోబెల్ ఇచ్చారు. నాలాంటి క్యాన్సరే వచ్చి బీసీజీ పనిచేయని కొందరికి 2020లో అమెరికాలో అట్లాంటి మందుకి అనుమతి కూడా ఇచ్చారు. కానీ బ్రేకు వదిలితే థైరాయిడ్ మీదో పేగుల మీదో పడొచ్చు. అట్లా పడకుండా మిగతా కణాల్ని అదుపులో పెట్టే టీ కణాల్ని సకగుచి అనే సైంటిస్టు 1995లో చూపించాడు, 2025 నోబెల్ ఆయనకీ, బ్రంకో, రామ్స్‌డెల్ అనే ఇంకో ఇద్దరు సైంటిస్టులకీ. క్యాన్సర్ గడ్డలు వీటిని కూడా తమ చుట్టూ పోగేసుకుంటాయి, అందుకే ఇప్పుడు సైంటిస్టులు దాని మీద కూడా పనిచేస్తున్నారు.

వచ్చే నెల మళ్ళీ కెమెరా పెట్టి చూస్తారు, పోయినసారి శుభ్రంగా ఉంది.

అమ్ములూ, నా ఎడమ చేతి మీద రెండు మచ్చలున్నాయి, పెద్దది మశూచి టీకాది, చిన్నది నీలాంటిదే. ఈసారి వచ్చినప్పుడు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య