చివరి యూనిట్ ధరెంత?

తెలంగాణలో నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే ఇంటి కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. రీడింగ్ తీసే మనిషి తప్పేం లేదు, మీటరూ దుంకలేదు. 2022లో వచ్చిన టారిఫే అట్లా ఉంది.

నెల వాడకం 100 లోపుంటే మొదటి 50 యూనిట్లకు 1.95 చొప్పున, తర్వాతి 50కి 3.10 చొప్పున పడుతుంది. 100 దాటి 200 లోపుంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటిందంటే ముందటి రేట్లు మొత్తం రద్దయి, మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్కన కడతారు. 201 నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50, ఆపైన 10. కస్టమర్ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ వేరే. ఈ లెక్కల్లో వాటిని పక్కన పెడదాం.

ఇంట్లో కరెంటు ఆదాకు పెట్టే ఖర్చు గిట్టుబాటా కాదా అని చూసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి, "యూనిట్ ఐదున్నర పడుతోంది, ఇన్ని యూనిట్లు మిగిలితే ఇన్ని పైసలు" అనుకుంటారు. కానీ ఆదా అయ్యే యూనిట్లు పోయేది బిల్లు పైకొస నుంచి. అక్కడి ధరే వాటి ధర.

నల్లగొండలో ఒక మామూలు డాబా ఇల్లు తీసుకుందాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకు 240 యూనిట్లు. అంటే మొదటి 200కు 1,020, మిగతా 40కి 308, మొత్తం 1,328 రూపాయలు. ఏదో ఒకటి చేసి 35 యూనిట్లు తగ్గించి 205కు తెచ్చారనుకోండి, మిగిలేది 269 రూపాయల 50 పైసలు. ఇంకో పది తగ్గించి 195కు తెస్తే బిల్లు 796కు పడిపోతుంది. అంటే ఆ చివరి పది యూనిట్లకే 262 రూపాయల 50 పైసలు. 35 యూనిట్ల కష్టం, పది యూనిట్ల కష్టం దాదాపు ఒకే రేటు పలికాయి.

ఆ 45 యూనిట్లు ఎక్కడ దొరుకుతాయి? మూడు ఫ్యాన్లలో. మామూలు 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 70–75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది, అదే గాలికి 28–35 వాట్లతో సరిపెడుతుంది. తేడా 42 వాట్లనుకుంటే, రోజుకు 12 గంటలు, 30 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు 15 యూనిట్లు. మూడింటికి 45.

డబ్బా మీద రాసింది నమ్మబుద్ధి కాకపోతే మీ మీటరే చెబుతుంది. మీటర్ ముఖం మీద ఎర్రటి చిన్న బల్బు ఆరి వెలుగుతుంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. చాలా సింగిల్ ఫేజ్ మీటర్లకు ఆ అంకె 3200. ఫ్రిజ్, టీవీ, వైఫై డబ్బా, ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆపి ఒక్క ఫ్యాన్ వేయండి. పది మినుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 156 సెకన్లు పడితే 72 వాట్లు. కొత్త ఫ్యాన్ 30 వాట్లదైతే 375 సెకన్లు పట్టాలి. (మీ మీటర్‌ది వేరే అంకైతే 3.6 కోట్లను ఆ అంకెతో భాగించి, 11,250 బదులు వచ్చినదాన్ని వాడండి.) అన్నీ ఆపినా బల్బు మినుకుతూనే ఉంటే ముందు వైరింగ్ చూపించుకోవాలి. ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. ఫ్యాన్ల సంగతి ఆ తర్వాత.

ఇక ఖర్చు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 3,000 అనుకుంటే మూడింటికి 9,000. ఎండాకాలం మూడు నెలలు నెలకు 532 చొప్పున 1,596 మిగులుతుంది. ఇంకో ఆరు నెలలు వాడకం 150 యూనిట్లుంటే, 4.80 చొప్పున నెలకు 216, మొత్తం 1,296. చలికాలం మూడు నెలలు ఫ్యాన్లు ఆపే ఉంటాయనుకుందాం. ఏడాదికి 2,892. పెట్టిన పైసలు మూడేళ్ల చిల్లరలో తిరిగొస్తాయి. అదే పాత ఫ్యాన్ కాలిపోయి ఎట్లాగూ కొత్తది కొనాల్సి వచ్చినప్పుడైతే లెక్కే వేరు. మామూలు ఫ్యాన్ 1,700 అయితే అదనంగా పెట్టేది 1,300 మాత్రమే. మూడింటికి 3,900. పదహారు నెలల్లో వసూలు. తిరుగుతున్న ఫ్యాన్‌ను దించి కొత్తది బిగించడం, కాలిన ఫ్యాన్ స్థానంలో బిగించడం రెండు వేర్వేరు పెట్టుబడులు. దుకాణంలో రెండింటికీ ఒకటే మాట చెబుతారు.

"మూడేళ్లలో వసూలు" అన్నది మంచిదా చెడ్డదా అనేది ఆ తొమ్మిది వేలు ఎక్కడి నుంచి వచ్చాయన్న దాన్నిబట్టి ఉంటుంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి పడి ఉన్న డబ్బయితే, పోయే మిత్తి కూడా లెక్కేసి చూస్తే, పదేళ్లు మన్నే వస్తువు మీద పెట్టింది ఏడేళ్లలోపు తిరిగొస్తే లాభమే. నూటికి రూపాయి మిత్తికి తెచ్చిందైతే, అంటే ఏడాదికి 12 శాతం, ఐదున్నరేళ్లలోపు రావాలి. రెండు రూపాయల మిత్తికి తెస్తే 24 శాతం. అప్పుడు మూడేళ్ల ఎనిమిది నెలలే గడువు. మన ఫ్యాన్లు ఆ గడువులోపే ఉన్నాయి, కానీ అంచు మీద ఉన్నాయి. అవి పదేళ్ల బదులు నాలుగేళ్లకే పోతే రెండు రూపాయల మిత్తికి గడువు రెండేళ్ల ఐదు నెలలకు జారుతుంది, లెక్క నష్టంలోకి పోతుంది.

నాలుగేళ్లకే ఎందుకు పోతాయి? మామూలు ఫ్యాన్ కాలితే వైండింగ్ చుట్టే మనిషి ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాడు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో పోయేది మోటారు కాదు, లోపలి సర్క్యూట్ బోర్డు. లైన్‌లో న్యూట్రల్ తెగి 230 వోల్టుల చోట 400 దాకా వచ్చినప్పుడు ముందు బలయ్యేది అదే. రెండో కారణం ఎలక్ట్రీషియన్ బద్ధకం. పాత రెగ్యులేటర్‌ను లైన్‌లో అట్లాగే వదిలేసి ఫ్యాన్ బిగిస్తాడు. స్టెప్పుల్లేకుండా తిప్పే డిమ్మర్ రకం రెగ్యులేటర్ కరెంటు అలను కోసి పంపుతుంది. సర్క్యూట్‌కు నిండు అల కావాలి. కోసిన అలతో బోర్డు వేడెక్కి, గుయ్యిమంటూ కొన్నాళ్లు తిరిగి ఆగిపోతుంది. రెగ్యులేటర్ తీసేసి ఆ రెండు వైర్లను నేరుగా కలిపించాలి. దగ్గరుండి చూడాల్సిన పని ఇదొక్కటే. బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఒక సుగుణమూ ఉంది. మే నెల సాయంత్రం ఓల్టేజీ 180కి పడిపోయినప్పుడు పాత ఫ్యాన్ ఈసురోమంటుంది, ఇవి స్పీడు తగ్గవు.

రేషన్ కార్డు మీద గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇళ్లలో లెక్క తలకిందులవుతుంది. ఏడాదంతా 150 యూనిట్లు దాటని ఇంటికి ఫ్యాన్లు మార్చినా పైసా మిగలదు. అక్కడ లాభమేదైనా ఉంటే ఇన్వర్టర్ బ్యాటరీ రెట్టింపు సేపు రావడమే. అదే ఎండాకాలంలో 240కి పోయే ఇల్లయితే, 200 దాటిన నెల మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది కాబట్టి, 195కు దిగితే ఆదా 532 కాదు, ఏకంగా 1,328. ఆ మూడు నెలలతోనే ఏడాదికి 3,984. ఫ్యాన్ అదే, గాలి అదే, కార్డును బట్టి లాభం సున్నా నుంచి నాలుగు వేల దాకా మారుతుంది.

కరెంటు బిల్లులోనూ స్లాబే, నెత్తి మీదా స్లాబే. రెండోదాని సంగతి చూద్దాం. మే మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో బూడిదరంగు కాంక్రీటు పైన పడే వేడిలో మూడింట రెండొంతులు మింగుతుంది. పైతలం 60 డిగ్రీలు దాటుతుంది. ఐదంగుళాల కాంక్రీటు ఆ వేడిని దాచుకుని నింపాదిగా కిందికి వదులుతుంది. రాత్రి పదింటికి ఫ్యాన్ కింద పడుకున్నా వేడి గాలే తగిలేది అందుకే. తెల్లగా సున్నం వేస్తే పడ్డ ఎండలో నాలుగింట మూడొంతుల దాకా వెనక్కి పోతుంది. పాలమూరు పల్లెల్లో పాత మట్టి మిద్దెలు చల్లగా ఉండేది మందంతో. సున్నం చేసే పని వేరు, వేడిని లోపలికి రానీయకుండా గడప దగ్గరే ఆపడం. రేకుల ఇళ్లకు మందమే లేదు కాబట్టి తెల్లపూత ఫలితం అక్కడ ఆ పూటే తెలుస్తుంది.

2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు ఇష్టం. మరి గిట్టుబాటా? వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అయిదేళ్లు మన్నే తెల్ల రిఫ్లెక్టివ్ పెయింటుకు కూలితో కలిపి అడుగుకు 15 రూపాయలనుకుంటే 15,000. కింద ఒక్క గదిలో ఏసీ ఎండాకాలం రోజుకు 8 యూనిట్లు కాలుస్తుంటే, పూతతో అందులో ఆరో వంతు తగ్గిందనుకుందాం. మూడు నెలలకు 120 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలైనా 1,080. పూత రంగు పోయేదాకా కూడా పెట్టుబడి రాదు. ఏసీ లేని ఇంట్లో బిల్లు అసలే తగ్గదు. రాత్రి నిద్ర పడుతుంది, అంతే. ఆ నిద్రకు ఖరీదు కట్టుకోవాల్సింది ఇంటివాళ్లే. కరెంటు ఆదా పేరు చెప్పి పెయింటు అమ్మేవాళ్ల మాట మాత్రం లెక్కకు నిలవదు.

లెక్కకు నిలిచే దారి ఇంకోటుంది. కాంక్రీటులో వేడి నిలువుగా దిగుతుంది, పక్కలకు పాకేది బహు తక్కువ. కాబట్టి ఏసీ గది 12 అడుగులు, 14 అడుగులైతే, చుట్టూ రెండడుగులు కలిపి 16, 18 అడుగుల మేర, అంటే 288 చదరపు అడుగులకు సున్నం వేస్తే చాలు. అడుగుకు మూడు రూపాయలు పడినా 864. ఒక్క ఎండాకాలంలో వసూలు.

పని ఇట్లా చేయాలి. రాయి సున్నాన్ని ముందు రోజు ఇనుప డ్రమ్ములో నానబెట్టాలి. కుతకుత ఉడికి ప్లాస్టిక్ బకెట్‌ను కరిగిస్తుంది, చిందితే కళ్లు పోతాయి, పిల్లలను దగ్గరికి రానీయొద్దు. మర్నాడు వడగట్టి, చిక్కటి మజ్జిగలా కలిపి, అతుక్కునేందుకు జిగురు చేర్చాలి. పగుళ్లు ముందే పూడ్చి, కప్పు దుమ్ము కడిగి, తడి ఉండగానే చల్లపూట నిలువుగా ఒక కోటు, అది ఆరాక అడ్డంగా ఇంకో కోటు వేయాలి. మిట్టమధ్యాహ్నం కాలే స్లాబు మీద వేస్తే తడి క్షణాల్లో ఆవిరై సున్నం గట్టిపడదు, పొడిలా చేతికి అంటుతుంది, మొదటి వానకే పోతుంది. సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలవాలి, అందుకు తడి ఉండి తీరాలి. ఎర్రదుమ్ము కూర్చుంటే తెలుపు సగం పని మానేస్తుంది, మధ్యలో ఒకసారి కడగాలి. వాటర్‌ప్రూఫింగ్ అని ఇటుక రంగు పూసుకున్నవాళ్లు వాన ఆపుకున్నారు గానీ ఎండను పిలుచుకున్నారు.

ఏసీ లేబుల్ మీద ఏడాది యూనిట్లు రాసి ఉంటాయి. అది 1,600 గంటల లెక్క. మూడు నెలలు రోజుకు 8 గంటలు వేసే ఇంట్లో 720 గంటలే. త్రీ స్టార్‌కు, ఫైవ్ స్టార్‌కు లేబుల్ మీద 200 యూనిట్ల తేడా ఉంటే మీకు మిగిలేది 90. యూనిట్‌కు 9 రూపాయలు వేసుకున్నా 810. ధరలో తేడా 8,000 అయితే పదేళ్లు. అదే ఏసీ ఏడాదికి 2,500 గంటలు నడిచే క్లినిక్‌లోనైతే, వాణిజ్య రేటు యూనిట్ సుమారు 10 రూపాయల చొప్పున, రెండున్నరేళ్ల చిల్లరలో వసూలు. స్టార్ల కొలమానం కొన్నేళ్లకోసారి బిగుస్తుంటుంది, కాబట్టి చుక్కలు కాదు, యూనిట్ల అంకె చూడాలి. సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే 6 శాతం ఆదా అని ఈ స్టార్ లేబుళ్లిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 24 నుంచి 26కు పెంచి ఫ్యాన్ వేసుకోవడానికి పెట్టుబడే అక్కర్లేదు.

సోలార్ వాటర్ హీటర్ గురించి తక్కువ చెప్పినా చాలు. నూరు లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించడానికి పట్టేది 2.3 యూనిట్లు. మన దగ్గర వేడినీళ్లు కావలసింది మూడు నెలలు. ఎండాకాలం ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. 210 యూనిట్ల కోసం ఇరవై వేలు పెట్టడం అనవసరం. పైగా బోరు ఉప్పునీళ్లకు ట్యూబుల్లో పొర కడుతుంది. గీజర్ కాయిల్ మీద కూడా కడుతుంది గానీ, అక్కడ కరెంటు పెద్దగా వృథా కాదు. వేడి ఎట్లాగూ నీళ్లలోకే పోతుంది, కాయిల్ మాత్రం కాలిపోతుంది.

కిరాయి ఇంట్లో ఉండేవాళ్లకు సబ్ మీటర్ ఉండి ఓనరు యూనిట్‌కు ఒకే రేటు వసూలు చేస్తుంటే స్లాబుల లెక్క వర్తించదు, ఆ రేటే చివరి యూనిట్ ధర. ఫ్యాన్ వెంట తీసుకుపోవచ్చు, కప్పు మీది పూత తీసుకుపోలేరు.

ఇక సోలార్ ప్యానెళ్లు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 సబ్సిడీ. 3 కిలోవాట్లకు రెండు లక్షలైతే చేతి నుంచి పోయేది 1,22,000. నెలకు 500 యూనిట్లు కాల్చే ఇంటికి బిల్లు 3,640. ప్యానెళ్లు 360 తీసేస్తే మిగిలిన 140కి 532. నెలకు 3,108 ఆదా, 40 నెలల్లో వసూలు. మన 240 యూనిట్ల ఇంటికి అట్లా కాదు. చలికాలం నెలకు 110 యూనిట్లు వేసుకుంటే దాని ఏడాది బిల్లే 8,628. సబ్సిడీ పోను 75,000 పెట్టి 2 కిలోవాట్లు బిగిస్తే, బిల్లు మొత్తం పోయిందనుకున్నా దాదాపు తొమ్మిదేళ్లు. ముందే ఫ్యాన్లు మార్చి ఉంటే మిగిలిన బిల్లు 5,736, అప్పుడు పదమూడేళ్లు. పాతికేళ్లు మన్నే ప్యానెల్‌కు 7 శాతం మిత్తి లెక్కన గడువు పదకొండున్నరేళ్లు. తొమ్మిది పాసు, పదమూడు ఫెయిలు. ఫ్యాన్ల ఆదా, ప్యానెళ్ల ఆదా కూడి చూపించే కాగితం ఏదైనా తప్పే. రెండూ కోసేది ఒకే పైకొసను.

పెట్టించుకునేవాళ్లు ప్యానెళ్లను దక్షిణం ముఖంగా 15–17 డిగ్రీల వాలుతో, ఏసీ గది కప్పు మీదికి వచ్చేలా బిగించమనండి. 3 కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు పడుతుంది, మనం సున్నం వేసిన జాగా అంత. కింద గాలి ఆడేటట్టు స్టాండు ఎత్తుగా ఉంటే ఆ నీడ సున్నం పనీ చేస్తుంది. కడిగేది మాత్రం బోరు నీళ్లతో వద్దు, తెల్ల మచ్చలు పడతాయి.